శిక్ష కాని నొప్పి

మా అమ్మ ముప్పయ్యేళ్ళు మిషను కుట్టింది. జాకెట్లు, లంగాలు, పండగలకి పిల్లల గౌన్లు. షుగరు వచ్చి పదిహేనేళ్ళయింది. పోయిన ఏడాది కుడి మడమలో పుండు పడింది. మానలేదు. లోలోపలికి పోయింది. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. పగలు తమ్ముడు ఉండేవాడు, రాత్రి నేను.

రెండో రాత్రి డ్యూటీ డాక్టరు వచ్చాడు. కుర్రాడు, నెమ్మదైనవాడు. "పెయిన్ ఉందా అమ్మా? పదిలో ఎంత ఉంటుంది?" అని అడిగాడు. అమ్మ అంకె చెప్పలేదు. "పిక్క సలుపుతోంది బాబూ. అరికాలు ఒకటే మంట. ఉండుండి ఒక పోటు వస్తోంది, అప్పుడు ప్రాణం జివ్వుమంటోంది" అంది. ఆయన అంతా విని ఏడు అని రాసుకున్నాడు. కింద ఇంకో వాక్యం రాశాడు. కాగితం మంచానికి తగిలించి వెళ్ళాక చదివాను: ఫౌల్ స్మెల్లింగ్ డిశ్చార్జ్. దుర్వాసనతో కూడిన రసి అని.

ఆ వాసన మాకు తెలుస్తూనే ఉంది. సాయంత్రం చూడడానికి వచ్చిన మా మేనత్త ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఎవరి ఉసురు తగిలిందో వదినా" అంది. చెడ్డ మనిషి కాదు. అందరూ అనే మాటే అంది. కానీ ఆమె వెళ్ళాక అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని, "ఏ జన్మలో ఏం పాపం చేశానో, ఇప్పుడు అనుభవిస్తున్నాను" అంది. సలుపు, మంట, పోటు గురించి చెప్పినప్పుడు లేని ఏడుపు ఆ మాట దగ్గర వచ్చింది.

నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. నిద్ర రాని రాత్రి, చేతిలో ఫోను, కళ్ళ ముందు ఆ కాగితం మీద రెండు మాటలు: పెయిన్, ఫౌల్. వాటి పుట్టుక వెతకడం మొదలుపెట్టాను. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషుకి బాస్వర్త్, టోలర్ అనే ఇద్దరు చేసిన పెద్ద నిఘంటువు ఉంది, నెట్లో దొరుకుతుంది. తర్వాతి తొమ్మిది రాత్రులూ అదే నా తోడు. అక్కడ నాకు దొరికింది ఒక్కటే, దాని కోసమే ఇదంతా రాస్తున్నాను: నొప్పీ శిక్షా కలిసి పుట్టలేదు. ఆ రెంటినీ మనుషులు తర్వాత ముడివేశారు. ఇంగ్లీషులో ఆ ముడి ఎప్పుడు, ఎవరి చేతుల మీదుగా పడిందో మాటలు చూస్తే ఇప్పటికీ తెలుస్తుంది.

ముందు పెయిన్. ఇది ఇంగ్లీషు వాళ్ళ సొంత మాట కాదు. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక కోర్టు, కచేరీ, దొరల ఇళ్ళు అన్నీ ఫ్రెంచిలో నడిచాయి. ఆ ఫ్రెంచి వెంట పేన్ అనే మాట వచ్చి, సుమారు 1300 నాటికి ఇంగ్లీషులో స్థిరపడింది. ఫ్రెంచికి అది లాటిన్ పోయెనా నుంచి వచ్చింది. పోయెనా అంటే శిక్ష, జరిమానా. లాటిన్ వాళ్ళు దాన్ని గ్రీకు పోయినే నుంచి తెచ్చుకున్నారు. గ్రీకులో దాని అర్థం ఇంకా కచ్చితం: ఒక మనిషిని చంపినందుకు చంపినవాడు చనిపోయినవాడి కుటుంబానికి కట్టే సొమ్ము. నెత్తుటి వెల. ఆ మాట బయల్దేరిన చోట ఒంటి నొప్పి ఊసే లేదు. నేరం ఉంది, లెక్క ఉంది, చెల్లింపు ఉంది.

ఈ కుటుంబం మాటలు మనకి బాగా తెలిసినవే. పెనాల్టీ, పనిష్‌మెంట్. కోర్టు నుంచి వచ్చే సబ్‌పీనా అంటే "శిక్షకు లోబడి" అని, రాకపోతే శిక్ష పడుతుందని. 1860లో చేసి, 2024 జూన్ దాకా మనల్ని ఏలిన ఇండియన్ పీనల్ కోడ్‌లోని పీనల్ కూడా ఆ పోయెనాయే. అంటే ఆస్పత్రి కాగితం మీది పెయిన్, పోలీస్ స్టేషన్‌లోని పీనల్ అక్కాచెల్లెళ్ళు. మా అమ్మకి లాటిన్ రాదు. అయినా గోడ వైపు తిరిగి ఆమె అన్నది పోయెనా అనే మాట లోపల ఉన్నదే.

మరి నార్మన్లు రాకముందు ఇంగ్లీషు వాళ్ళకి నొప్పి లేదా? ఉంది. దానికి పేర్లూ ఉన్నాయి. అన్నిటికన్నా మామూలుది సార్. (మనం మేష్టార్లని పిలిచే సార్‌కి దీనికి సంబంధం లేదు.) ఇవాళ్టి ఇంగ్లీషులో అదే సోర్ అయింది. గొంతు నొప్పిని సోర్ త్రోట్ అంటున్నామే, అది. స్కాట్లండులో ఇప్పటికీ సేర్ అంటారు. ఆ సార్ నుంచి వచ్చిన విశేషణం సారిగ్, అంటే నొప్పితో ఉన్న, బాధపడుతున్న. సారిగ్ అరిగి అరిగి సారీ అయింది. రోజుకి ఇరవై సార్లు, బస్సులో కాలు తొక్కినా ఫోను ఎత్తకపోయినా మనం అనే సారీ ఇదే. తెలుగులో దీనికి సరితూగే మాట నొచ్చుకోవడం. నొప్పి, నొచ్చు, నొచ్చుకోవడం ఎలా ఒక వరసో, సార్, సోర్, సారీ అలా ఒక వరస. సారో అనే మాట చూస్తే దీనికి చుట్టంలా కనిపిస్తుంది గానీ కాదు. అది సోర్గ్ అనే వేరే వేరు నుంచి వచ్చింది, దిగులు అని అర్థం. పక్కపక్కన ఉండి ఉండి పోలికలు కలిశాయి.

సార్‌లో నేరం లేదు. ఎవరు ఏం చేశారన్న విచారణ లేదు. కాలు నొస్తోంది, అంతే.

స్మార్ట్ కూడా ఈ కోవలోదే. స్మెయొర్తన్ అంటే మండడం, చురుక్కుమనడం. జర్మనులో నొప్పిని ష్మెర్త్స్ అంటారు, అదే వేరు. చురుక్కుమనే దెబ్బ నుంచి చురుకైన మాటకి, అక్కణ్ణించి చురుకైన బుర్రకి, చివరికి ఫోనుకి పాకింది.

ఎక్ అనే మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగిపోయాను. హెడెక్, టూతెక్ లోని ఎక్. పాత ఇంగ్లీషులో క్రియకి అకన్ అని, నామవాచకానికి అచె అని వాడేవారు. ఒకే మాటలో ఒక చోట క, ఒక చోట చ. ఎందుకంటే ఇ, ఎ లాంటి అచ్చుల పక్కన ఉన్న క మెత్తబడి చ అయిపోయింది. ఇది మనకి కొత్త కాదు. కన్నడంలో కివి, మనకి చెవి. కన్నడంలో కెడు, మనకి చెడు. పాలు చెడింది, పండు చెడింది అంటామే, ఆ చెడు ఒకప్పుడు కెడు. ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున నొప్పి మాటకి జరిగిందే ఇక్కడ కుళ్ళు మాటకి జరిగింది. రెండు భాషలకీ చుట్టరికం లేదు, నాలుక మాత్రం మనుషులందరిదీ ఒకటే కాబట్టి అలా తిరిగింది. బేక్ నుంచి బ్యాచ్, స్పీక్ నుంచి స్పీచ్ కూడా ఇదే దారి.

కాబట్టి నామవాచకాన్ని చాలాకాలం ఎయిచ్ అని, దాదాపు హెచ్ అక్షరం పేరులాగే పలికేవారు. షేక్స్పియర్ నాటకం ఒకదానిలో ఒకమ్మాయి నిట్టూరిస్తే, దేని కోసం ఆ నిట్టూర్పు, డేగ కోసమా, గుర్రం కోసమా, మొగుడి కోసమా అని చెలికత్తె అడుగుతుంది. ఇంగ్లీషులో మూడూ హెచ్‌తో మొదలయ్యేవే. వాటి మొదటి అక్షరం కోసం అని ఆ అమ్మాయి జవాబు. హెచ్ అంటే నొప్పి అని ఆనాటి ప్రేక్షకుడికి వెంటనే అందేది. ఇవాళ క్లాసులో ఆ చోట నేను ఆగి ఇంత కథా చెప్పాలి.

తర్వాత రెండు పలుకుబడులూ కలిసి క మిగిలింది, స్పెల్లింగు మాత్రం చ దగ్గర ఆగిపోయింది. దానికి పెద్ద బాధ్యత శామ్యూల్ జాన్సన్‌ది. 1755లో వచ్చిన తన నిఘంటువులో ఆయన ఈ మాట గ్రీకు అఖోస్ నుంచి పుట్టిందనుకుని ఆ రాతని స్థిరపరిచాడు. పొరపాటు. అది పల్లెటూరి ఇంగ్లీషు సొంత మాటే. పండితుడికి నొప్పి మాట కూడా ఏథెన్సు నుంచి వస్తేనే గౌరవంగా అనిపించింది.

అయినా జాన్సన్ మీద నాకు కోపం రాదు. నొప్పి ఆయనకి నిఘంటువులో మాటే కాదు. పసితనంలోనే మెడ దగ్గర గ్రంథులు వాచి పుళ్ళు పడ్డాయి. మనం గండమాల అనే జబ్బు, క్షయలో ఒక రకం. ఇంగ్లండులో దాని పేరు కింగ్స్ ఈవిల్, రాజుగారి రోగం. రాజు చేత్తో తాకితే పోతుందని నమ్మకం. 1712లో, రెండున్నరేళ్ళ పిల్లవాణ్ణి తల్లి లిచ్‌ఫీల్డ్ నుంచి లండనుకి తీసుకెళ్ళి ఆన్ రాణి చేత తాకించింది. రాణి మెడలో వేసిన బంగారు బిళ్ళ జాన్సన్ జీవితాంతం తీయలేదు. జబ్బూ పోలేదు. కోతలు పడ్డాయి, మచ్చలు ఉండిపోయాయి. రోగాన్ని రాజుకి ముడిపెట్టడం మనకీ ఉంది. సంస్కృతంలో క్షయని రాజయక్ష్మ అన్నారు. తెలుగులో మొండి పుండుని రాచపుండు అన్నారు. ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నది కాదిది. ఆ బిడ్డని ఎత్తుకుని గతుకుల దారిలో లండను దాకా వెళ్ళిన తల్లిని తలుచుకుంటే, షుగరు తగ్గించే కషాయం కోసం నేను అమ్మని తిప్పిన ఊళ్ళు గుర్తొచ్చాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. మాట ఎక్కడ పుడితే ఏం, ఇవాళ పెయిన్ అనేవాడు శిక్షని తలుచుకుంటున్నాడా? లేదు. మాట పుట్టుకే మాట అర్థం కాదు. మన శిక్ష అనే మాటే చూడండి, సంస్కృతంలో దాని మొదటి అర్థం నేర్చుకోవడం. శిక్షణలో ఆ అర్థం ఇంకా ఉంది. శిక్ష పడినవాడికి చదువు చెబుతున్నామని ఎవరూ అనుకోరు. నేనంటున్నది వేరు. పెయిన్ అన్నందువల్ల రోగి దోషి అయిపోడు. కానీ నొప్పికి నేరం తోడు రావడం సహజం, ఆదికాలం నుంచీ మనుషులందరూ అలాగే అనుకున్నారు అని ఎవరైనా అంటే, ఆ మాటకి ఈ పదాలు అడ్డం నిలబడతాయి. ఇంగ్లీషు వాడి ఒంట్లో నొప్పి ముందే ఉంది. శిక్ష తర్వాత వచ్చింది.

నిజానికి రెండుసార్లు వచ్చింది. 597లో అగస్టీన్ అనే సన్యాసి రోమ్ నుంచి కెంట్‌కి వచ్చి క్రైస్తవం బోధించాడు. ఆ మతం వెంట వచ్చిన లాటిన్ మాటల్లో పోయెనా కూడా ఉంది. ఇంగ్లీషు నోట అది పీన్ అయింది, యాతన అని, ముఖ్యంగా నరక యాతన అని. పీనియన్ అంటే హింసించడం. దాని మనవడే ఇవాళ్టి పైన్, ఒకరి కోసం కుమిలిపోయి చిక్కిపోవడం. మొదటిసారి ప్రార్థనా మందిరం నుంచి, రెండోసారి న్యాయస్థానం నుంచి. రెండు చోట్లా పైన కూర్చున్నవాడు తీర్పు చెబుతాడు, కింద ఉన్నవాడు వింటాడు. జబ్బు మంచం పక్కన కూర్చున్నవాళ్ళ నోట అది పుట్టలేదు.

మంచం పక్కన కూర్చున్నవాళ్ళు ఏమనుకునేవారో తెలిపే పాఠం ఒకటి మిగిలింది. లాక్నుంగా అని పిలిచే వైద్యాల రాతప్రతిలో ఉంది. సుమారు వెయ్యేళ్ళ నాటిది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో భద్రం చేశారు. అందులో ఒక మంత్రం "ఫర్‌స్టిచె"కి విరుగుడు. స్టిచె అంటే పోటు, గుచ్చుకోవడం. హఠాత్తుగా వచ్చే పోటుకి మంత్రం అన్నమాట. ఎర్ర నెటిల్ అనే మొక్క, ఇంకో రెండు మూలికలు వెన్నలో మరిగించాలి. తర్వాత చదవాల్సిన పాట ఉంది. బలమైన ఆడవాళ్ళు గట్టిగా కేకలేస్తూ నేల మీదుగా స్వారీ చేస్తూ పోయారట, ఈటెలు విసిరారట. ఒక కమ్మరి కూర్చుని కత్తి సాగగొట్టాడట. మధ్యమధ్య పల్లవిలా ఒకటే మాట: లోపల ఉంటే బయటికి రా, చిన్న ఈటే. ఇక్కడ ఇనుపముక్క ఉంటే, అది మంత్రగత్తె పనైతే, కరిగిపోవాలి.

ఆ పాట చదివిన రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. రోగిని ఒక్క ప్రశ్న అడగదు అది. నువ్వేం చేశావు అనదు. నీకు దెబ్బ తగిలింది, గుచ్చుకున్నదాన్ని తీసేస్తాను, ఇంతే. స్టిచె తర్వాత స్టిచ్ అయింది. పరుగెత్తితే పక్కలో వచ్చే పోటూ స్టిచ్చే, బట్ట మీద కుట్టూ స్టిచ్చే. రెండూ గుచ్చడమే కదా. తెలుగులోనూ తేలు కుడుతుంది, దర్జీ కుడతాడు. కత్తిపోటు, గుండెపోటు, తలపోటు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మనకీ నొప్పి అంటే ఏదో వచ్చి పొడవడమే.

దీన్ని మరీ మెచ్చుకుంటే మోసపోతాను, అది కూడా చెప్పాలి. రోగి దోషం కాదంటే దోషం ఇంకెవరిది? ఆ పాటలో ఈటె విసిరింది హెగ్‌టెస్సె. ఆ మాటే చిక్కి హ్యాగ్ అయింది, ముసలి మంత్రగత్తె. రోగిని వదిలేసిన వేలు ఊళ్ళోని ఒంటరి ఆడదాని వైపు తిరుగుతుంది. యూరప్‌లో తర్వాతి శతాబ్దాల్లో ఆ పేరుతో ఆడవాళ్ళని కాల్చారు, ఉరితీశారు. మన తెలంగాణ పల్లెల్లో బాణామతి చేసిందనీ చేతబడి చేసిందనీ జనం కొట్టి చంపిన ఆడవాళ్ళ వార్తలు నా చిన్నప్పుడు పేపర్లో చదివాను, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తున్నాయి. మా మేనత్త అన్న "ఉసురు తగలడం"లో రెండూ ఉన్నాయి: తప్పు నీదే, పైగా ఎవరో శపించారు. సార్, అచె, స్టిచె అనే మాటల్ని నేను ఇష్టపడుతున్నది అవి మంత్రానికన్నా ముందున్నవని. మాట పోటు అంటుంది, ఆగుతుంది. విసిరింది ఎవరన్నది పాట కట్టినవాడు కలిపాడు.

ఇక రెండో మాట, ఫౌల్.

ఫుట్‌బాల్ లాంటి ఆటల వల్ల మనకి ఫౌల్ అంటే తప్పుడు ఆట. పాత ఇంగ్లీషులో ఫూల్ అంటే కుళ్ళిన, కంపుకొట్టే. అంతే. దాని నుంచే ఫిల్త్. ఈ ఫూల్‌కి సంస్కృతంలో తోబుట్టువు ఉంది: పూతి. పూతిగంధం అని మన పాత పుస్తకాల్లో కనిపించేది అదే. పూయం అంటే చీము. లాటిన్‌లో పుస్, అదే డాక్టర్లు అనే పస్. ప ఉన్నచోట ఇంగ్లీషు, జర్మను కుటుంబంలో ఫ వస్తుందని జర్మను పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రం చూపించాడు: పితృ, ఫాదర్. పాదం, ఫుట్. పూతి, ఫౌల్. అమ్మ పాదం గురించి ఆ కాగితం మీద రాసిన మాటలు, ఆ పుండు నుంచి కారుతున్నదానికి పంతులుగారు వాడే సంస్కృత మాటలు, వేల ఏళ్ళ కిందట ఒకే నోట పుట్టాయి. ఆ నోరు ముక్కు మూసుకుని "పూ" అని ఉంటుందని భాషావేత్తలు కొందరు అంటారు. నాకూ అలాగే తోస్తుంది.

కుళ్ళు గురించి పాత ఇంగ్లీషువాళ్ళ మాటలు కంటితో, ముక్కుతో, నాలుకతో పట్టుకున్నవి. రస్ట్ అంటే తుప్పు, రెడ్ అనే మాటకి చుట్టం, ఎర్రనిది అని. మన రుధిరం కూడా ఆ ఎరుపే. ఇనుముకీ ఒంటికీ ఒకే రంగు చూశారు. మిల్‌డ్యూ అంటే ఇవాళ ఆకుల మీద, గోడల మీద పట్టే బూజు. మొదట్లో దాని అర్థం తేనెమంచు. చెట్ల మీద పేనుబంక పురుగులు వదిలే తియ్యటి జిగురుని ఆకాశం నుంచి రాలిన తేనె అనుకున్నారు. ఆ జిగురు మీద నల్లగా బూజు పడుతుందని పత్తి, మామిడి వేసే రైతులకి నేను చెప్పక్కర్లేదు. తేనె అని పిలిచిన మాట బూజు అయింది. యాడిల్ అంటే మురుగు. మురిగిన గుడ్డుని యాడిల్ ఎగ్ అన్నారు, తర్వాత అయోమయంలో పడిన బుర్రకి ఆ మాట తగిలించారు.

ఇంకొక మాట ఇప్పుడు లేదు, దాని మీద నాకు బెంగ. బ్రొస్నియన్. పొడిపొడిగా రాలిపోవడం, శిథిలమవడం. పదో శతాబ్దపు ఒక కవితల రాతప్రతి ఎక్సెటర్ పట్టణంలో ఉంది. 1072లో చనిపోయిన బిషప్ లెయోఫ్రిక్ అక్కడి చర్చికి ఇచ్చింది. అందులో ఒక కవి పాడుబడ్డ రాతి నగరాన్ని చూస్తాడు. రోమన్లు కట్టి వదిలేసిన బాత్ పట్టణం అయ్యుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. కప్పులు కూలాయి, సున్నం మీద మంచు పేరుకుంది, రాక్షసులు కట్టిన కట్టడం బ్రొస్నియన్ అవుతోంది అంటాడు. ఆ నగరవాసులు పాపం చేశారు కాబట్టి కూలింది అనడు. విధి విరగ్గొట్టింది అంటాడు. ఆ రాతప్రతి చివరి ఆకుల్ని ఎప్పుడో నిప్పు కాల్చింది, శిథిలం గురించిన కవిత మధ్యలో చిల్లులు పడి ఉంది. బ్రొస్నియన్ స్థానంలోకి ఫ్రెంచి వైపు నుంచి డికే వచ్చింది, లాటిన్‌లో కింద పడిపోవడం అని దాని మూలం. పడిపోవడం అనగానే ఎక్కణ్ణించో పడాలి, ఎత్తు నుంచి పతనం. రాలడానికి ఎత్తు అక్కర్లేదు.

కుళ్ళు మాటలకి తీర్పు ఎలా అంటుకుందో చూడండి. ఫూల్ వాసన నుంచి నడతకి ఎక్కింది. స్క్యాబ్ అంటే చెక్కు కట్టిన పుండు, దాని తమ్ముడు షాబ్ నుంచి షాబీ వచ్చింది, చీప్‌గా ఉన్న మనిషికి. మనకి కుళ్ళు అంటే అసూయ. కుళ్ళుబోతు, పాడుబుద్ధి, పుచ్చిన మనసు. తిట్టడానికి ఒంటి మీది పుండ్లనే అరువు తెచ్చుకున్నాం. అరువు తెచ్చుకుంటే తప్పు లేదు, భాష అలాగే బతుకుతుంది. కానీ అది వెనక్కి తిరిగి వస్తుంది. కంపు అంటే చెడ్డతనం అని నోటికి అలవాటయ్యాక, నిజంగా పుండు ఉన్న మనిషి దగ్గర కంపు రాగానే చెడ్డతనం గుర్తొస్తుంది. మా మేనత్త ముక్కు మూసుకోవడం నన్ను బాధపెట్టలేదు, నేనూ మూసుకున్నాను. ముక్కు మూసుకున్న మరుక్షణమే ఆమె నోట ఉసురు మాట రావడం బాధపెట్టింది.

ఇలా వెనక్కి తిరిగి వచ్చిన మాట దెబ్బ అందరికన్నా ఎక్కువ తిన్నది కుష్ఠు రోగులు. లెపర్ అనే మాట గ్రీకు నుంచి వచ్చింది, పొలుసులు రాలేది అని. అంతకు ముందు ఇంగ్లీషులో వాళ్ళకి ఉన్న ఒక పేరు లీచ్‌థ్రోవెరె. లీచ్ అంటే ఒళ్ళు, థ్రోవియన్ అంటే బాధ అనుభవించడం. ఒళ్ళు బాధపడుతున్నవాడు. ఆ కాలపు ఇంగ్లీషు బోధకులు శిలువ మీద క్రీస్తు పడిన బాధని థ్రోవుంగ్ అన్నారు. అదే క్రియ. దేవుడి బాధకీ వీధి చివర కూర్చున్న కుష్ఠు రోగి బాధకీ ఒకటే మాట. నిఘంటువులో ఆ ఎంట్రీ చూసినప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంత పెద్ద మాటని వదిలేసుకున్నారు.

కుష్ఠు విషయంలో ఇంకో పొరపాటు వందల ఏళ్ళు నడిచింది. మాంసం దానంతటదే కుళ్ళి వేళ్ళు రాలిపోతాయని. పాల్ బ్రాండ్ అనే సర్జన్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ తల్లిదండ్రులకి పుట్టాడు. 1946 నుంచి వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పనిచేశాడు. రోగుల చేతులు, పాదాలు ఏళ్ళ తరబడి చూసి ఆయన తేల్చింది వేరు. జబ్బు నరాల్ని చంపుతుంది, స్పర్శ పోతుంది. నొప్పి తెలియదు కాబట్టి కాలిన గిన్నె పట్టుకుంటారు, మేకు దిగినా నడుస్తారు, పుండు మీదే బరువు వేస్తారు. అవయవం పోయేది నొప్పి లేకపోవడం వల్ల. షుగరు రోగుల పాదాలకీ ఇదే జరుగుతుంది. ఇది తెలిశాక నొప్పిని శిక్ష అనడానికి నాకు నోరు రావడం లేదు. మా అమ్మకి అన్యాయం జరిగింది నొప్పి వచ్చినప్పుడు కాదు, మడమకి నొప్పి రావాల్సిన రోజున రాకపోయినప్పుడు.

ఎందుకంటే నాలుగో రోజు ఎక్స్‌రే తీశారు. మడమ ఎముక పక్కన సన్నగా, తెల్లగా ఒక గీత. అరంగుళం కూడా లేదు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి, "సూది ముక్కలా ఉందమ్మా, ఎప్పుడు గుచ్చుకుందో గుర్తుందా?" అన్నాడు. అమ్మకి గుర్తు లేదు. గుచ్చుకున్నట్టు తెలిస్తే కదా గుర్తుండడానికి.

మర్నాడు ఆపరేషన్ చేసి తీశారు. చీము, చెడిన కండ శుభ్రం చేశారు. ఇనుపముక్కని చిన్న సీసాలో వేసి ఇచ్చారు. తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

ఆ రాత్రి అమ్మకి ఆ పాట చెప్పాను. వెయ్యేళ్ళ కిందట ఇంగ్లండులో పోటు వస్తే వెన్నలో ఆకు మరిగించి, లోపల ఇనుపముక్క ఉంటే బయటికి రా అని పిలిచేవాళ్ళని. మంత్రగత్తె సంగతి చెప్పలేదు. అమ్మ శ్రద్ధగా విన్నది. "వాళ్ళకీ సూదులు గుచ్చుకునేవన్నమాట" అంది. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు, నిద్రపోయిందనుకున్నాను.

"సంక్రాంతికి ముందు" అంది చీకట్లో. "పక్కింటి పిల్ల గౌను కుడుతుంటే మిషను సూది విరిగింది. పై ముక్క దొరికింది, మొన ముక్క దొరకలేదు. ఊడ్చాను. చెప్పులు లేకుండానే తిరిగాను ఆ గదిలో. తెల్లారాక తమ్ముడికి చెప్పు తల్లీ, మిషను కింద ఒకసారి బాగా ఊడ్చమని."